జీల్యో మోసేవాళ్ల ముఖాలు, లీఫ్ షట్టర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

లెన్సు మార్చలేని, 35 మి.మీ. చూపున్న చిన్న కెమెరా ఇది. సెన్సారు, మెగాపిక్సెళ్ల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను మురిసిపోయేది దీని లీఫ్ షట్టర్‌ని చూసి. అది లెన్సులోనే రేకుల్లా తెరుచుకుని మూసుకునే షట్టర్, అందుకే ఎక్కువ వేగంలోనూ ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడుతుంది.

బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌లో కార్మెల్ మాత చర్చి జూలై పండుగకే దీన్ని ఎక్కువగా వాడాను. ఇటలీలోని నోలా నుంచి వలస వచ్చినవాళ్లు 1903లో అక్కడ మొదలుపెట్టిన పండుగ అది. పునీత పౌలీనుస్ పేరిట సుమారు 80 అడుగుల జీల్యో గోపురాన్ని, దాని పీఠం మీద కూర్చున్న బ్యాండువాళ్లతో సహా, వందమందికి పైగా భుజాల మీద మోస్తారు. గోపురం ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. నాకు కావలసింది దాని కింది ముఖాలు. అద్దెలు పెరిగి ఎప్పుడో వేరే ఊళ్లకు వెళ్లిపోయిన కుటుంబాలవాళ్లు కూడా ఆ రోజు వచ్చి దూలం కింద భుజం పెడతారు.

కానీ అది మిట్టమధ్యాహ్నం. టోపీ నీడకు గోపురం నీడ తోడై ముఖం నల్లబడుతుంది, వెనక వీధి తెల్లగా మండిపోతుంది. సెన్సారు ముందు తెరలు జరిగే మామూలు షట్టర్ కెమెరాలు ఫ్లాష్‌తో 1/250 సెకను దాటడం కష్టం. ఆ ఎండలో ఐఎస్ఓ (సెన్సారు సున్నితత్వం) 100 దగ్గర లెన్సు కంతను ఎఫ్/11 దాకా మూసుకోవాలి, చిన్న ఫ్లాష్ వెలుగు అందులోనే ఇంకిపోతుంది. లీఫ్ షట్టర్‌తో 1/1000 సెకను, అంతకంటే పెద్ద కంత ఎఫ్/5.6 పెట్టాను. ఎండ అంతే పడుతుంది, ఫ్లాష్ మాత్రం నాలుగింతలు పనిచేస్తుంది.

ఒకసారి కాపో (మోసేవాళ్లను నడిపించే నాయకుడు) కేక వేయగానే బ్యాండు మోగింది, గోపురం లేచి నావైపే వచ్చింది. మొదటి దూలం కింద తండ్రీ కొడుకులు, ఇద్దరి చెంపలూ కర్రకు ఆనుకుని ఉన్నాయి. ఒక్కసారే నొక్కగలిగాను. ఇంటికొచ్చి చూస్తే తండ్రి కనురెప్ప మీది చెమట చుక్క, కొడుకు మెడనరం, వాళ్ల వెనక నీలాకాశం, అన్నీ ఉన్నాయి. ఆ ఫొటోకి ముందు ఇలాంటిది నా చేతిలో ఎప్పుడూ పడలేదు.

కొన్న కొత్తలో దీని ఫ్లాష్ ఎండను గెలుస్తుందని స్నేహితులకు చెప్పేవాణ్ణి. గెలుస్తుంది, రెండు మీటర్ల లోపు. అవతల లేనట్టే. ఒకసారి వెలిగాక మళ్లీ సిద్ధమయ్యేలోపు మంచి క్షణం దాటిపోవచ్చు. షట్టర్ చప్పుడు లేకపోవడం కూడా చాలా పొగిడాను. గుడిలో పూజ జరుగుతున్నప్పుడు అది వరమే. వీధిలో బ్యాండు పక్కన ఏ కెమెరా చప్పుడూ వినపడదు.

నన్ను దూలం దాకా రానిస్తారు, ఏటా ప్రింట్లు తీసుకెళ్లి ఇస్తాను కాబట్టి. ఆ పరిచయం లేనివాళ్లకు, తాళ్ల అవతల నుంచే తీయవలసినవాళ్లకు జూమ్ లెన్సే నయం. గోపురం మొత్తం ఒక్క ఫ్రేములో కావాలన్నా ఇరుకు వీధిలో ఈ 35 చాలదు. దీని కోసం నేను జూమ్ అమ్మేశాను. మీరు వెంటనే అమ్మకండి, ఒక పండుగకు అద్దెకు తెచ్చుకుని చూడండి.