21 పౌండ్ల నోటీసు: సంఘం విందులో బార్ పెట్టుకోవడానికి ఇంగ్లండ్‌లో ఉన్న ఏర్పాటుపై ఒక సమీక్ష

మేముంటున్న ఊరిలోని తెలుగు సంఘానికి కోశాధికారిగా మూడేళ్ళలో నాలుగుసార్లు నేను టెంపరరీ ఈవెంట్ నోటీసు ఇచ్చాను. సంఘాల పనుల్లో తిరిగేవారంతా దీన్ని పొడి అక్షరాలతో "టెన్" అంటారు. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం కింద, 2005 నవంబరు 24 నుంచి ఇంగ్లండ్, వేల్స్ దేశాల్లో అమల్లో ఉన్న ఏర్పాటు ఇది. మద్యం అమ్మే లైసెన్సు లేని కమ్యూనిటీ హాల్లోనో, బడి ఆవరణలోనో, మైదానంలో వేసిన టెంటులోనో ఒక పూట బార్ నడుపుకోవాలంటే స్థానిక కౌన్సిల్‌కు ఈ నోటీసు ఇచ్చి 21 పౌండ్లు కడితే చాలు. దీన్ని అందరూ అనుమతి అని పిలుస్తారు గానీ, చట్టం దీన్ని అనుమతిగా చూడదు. మనం చేయబోయేది ముందుగా తెలియజేస్తాం, అభ్యంతరం రాకపోతే చేసుకుంటాం. ఈ తేడా మాటల్లో చిన్నదిగా కనిపించినా, సేవలోని సుగుణాలూ ఇబ్బందులూ దాదాపు అన్నీ అక్కడి నుంచే పుట్టాయని నాలుగుసార్లు వాడాక నాకు అర్థమైంది.

అసలు మాకు ఇది అవసరమన్న సంగతే మొదట తెలియదు. వార్షిక విందుకు టికెట్టు పెట్టి, అందులోనే ఒక గ్లాసు వైన్ కలిపి ఇద్దామని కార్యవర్గం తీర్మానించినప్పుడు, విడిగా డబ్బు తీసుకోవడం లేదు కనుక అది అమ్మకం కాదని మాలో చాలామంది వాదించారు. చట్టం దృష్టిలో అది అమ్మకమే. టికెట్టు ధరలో గ్లాసు ఖరీదు కూడా ఉన్నట్టే లెక్క. పైసా తీసుకోకుండా నిజంగా ఉచితంగా పోస్తేనో, ఎవరి సీసా వారు ఇంటి నుంచి తెచ్చుకుంటేనో అమ్మకం లేదు గనుక ఆ మేరకు నోటీసు అక్కరలేదు, హాలువారి సొంత షరతులు ఏమైనా ఉంటే అవి వేరు. విందులో లాటరీ తీసి సీలు విప్పని సీసాను బహుమతిగా ఇవ్వడానికి కూడా చట్టంలోనే కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. మరోవైపు, రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు వేడి భోజనం గానీ వేడి టీ గానీ అమ్మితే, చుక్క మద్యం లేకపోయినా అది లైసెన్సు పరిధిలోకి వస్తుంది. పదకొండున్నరకు ఇరానీ చాయ్ కౌంటరు తెరుద్దామనుకున్న మా యువజన విభాగం ఈ మాట విని నమ్మలేదు.

ఫారం విషయానికి వస్తే, ప్రభుత్వ కాగితాల్లో ఇంత తేలికైనది నేను చూడలేదు. ఆన్‌లైన్‌లో నింపడానికి నాకు అరగంట కూడా పట్టలేదు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, హాలు చిరునామా, ఏ రోజున ఏ వేళ నుంచి ఏ వేళ వరకు, ఒకేసారి గరిష్ఠంగా ఎంతమంది ఉంటారు, మద్యం అక్కడే తాగడానికా లేక బయటికి తీసుకెళ్ళడానికా, ఈ ఏడాది ఇంతకుముందు ఎన్ని నోటీసులు ఇచ్చారు అన్నవే ప్రధానమైన ప్రశ్నలు. ఆన్‌లైన్‌లో ఇస్తే పోలీసులకూ, శబ్దం వంటి ఇబ్బందులను చూసే పర్యావరణ ఆరోగ్య విభాగానికీ ప్రతులు పంపే బాధ్యత కౌన్సిల్‌దే. కాగితం మీద ఇచ్చేవారు మాత్రం ఆ ప్రతులను తామే పంపాలి. అందిన మరుసటి పనిదినం ముగిసేలోపు రసీదు రావాలని చట్టం చెబుతుంది, నాకు నాలుగుసార్లూ అలాగే వచ్చింది. అయితే కార్యవర్గాలు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. నోటీసు సంఘం పేరు మీద ఇవ్వడం కుదరదు, పద్దెనిమిదేళ్ళు నిండిన ఒక వ్యక్తి తన పేరు మీద ఇవ్వాలి. ఆ రాత్రి బార్ దగ్గర ఏ తప్పు జరిగినా మొదట పిలిచేది ఆ వ్యక్తినే. నోటీసు లేకుండానో, నోటీసులో రాసిన హద్దులు దాటో అమ్మితే ఆరు నెలల వరకు జైలు, పరిమితి లేని జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉంది. "సంతకమేగా, మీరు పెట్టేయండి" అని నవ్వుతూ నా ముందుకు లాప్‌టాప్ జరిపిన మా అధ్యక్షులవారికి ఈ వాక్యం చదివి వినిపించాక ఆయన నవ్వు కొంచెం తగ్గింది.

ఇక నాకు దెబ్బ తగిలిన చోటు. నోటీసు పది పనిదినాల ముందు అందాలి. టెన్‌కు పది రోజులు, గుర్తుపెట్టుకోవడం తేలికే అనుకున్నాను. నిరుడు మా విందు ఈస్టర్ తరువాతి శనివారం నాడు పడింది. నేను గుడ్ ఫ్రైడేకు వారం ముందు శుక్రవారం సాయంత్రం, అంటే విందుకు సరిగ్గా పదిహేను రోజుల ముందు, చాలా తొందరగానే పంపుతున్నానన్న ధీమాతో నోటీసు పంపాను. నోటీసు అందిన రోజు లెక్కలోకి రాదు, కార్యక్రమం జరిగే రోజూ రాదు, శని ఆదివారాలు రావు, బ్యాంకు సెలవులు రావు. గుడ్ ఫ్రైడే పోయింది, ఈస్టర్ సోమవారం పోయింది. మిగిలినవి ఆ వారంలో సోమ, మంగళ, బుధ, గురువారాలు, పై వారంలో మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు, వెరసి ఎనిమిది. వంటింటి గోడకు తగిలించిన క్యాలెండరు ముందు నిలబడి నా భార్యా నేనూ వేళ్ళు మడిచి మూడుసార్లు లెక్కపెట్టాం, ఎనిమిదే వచ్చింది. రెండు రోజుల ముందు, బుధవారం నాడు పంపి ఉంటే సరిపోయేది.

ఇలా ఆలస్యమైనవారికి చట్టం ఒక పక్కదారి ఉంచింది. తొమ్మిది నుంచి ఐదు పనిదినాల ముందు ఇచ్చే నోటీసును ఆలస్యపు టెన్‌గా స్వీకరిస్తారు, రుసుము కూడా అదే 21 పౌండ్లు. కానీ దాని బలం తక్కువ. మామూలు నోటీసుకు అభ్యంతరం వస్తే కౌన్సిల్ కమిటీ ముందు విచారణ జరుగుతుంది, మన వాదన చెప్పుకోవచ్చు, వేళలు మార్చుకుని రాజీకి రావచ్చు. ఆలస్యపు నోటీసుకు పోలీసులో పర్యావరణ ఆరోగ్య విభాగమో ఒక్క అభ్యంతరం తెలిపితే చాలు, విచారణ లేకుండానే కార్యక్రమం ఆగిపోతుంది. అభ్యంతరానికి వారికున్న గడువు మూడు పనిదినాలు. రెండువందల ఎనభై టికెట్లు అమ్మేసి ఆ సోమ, మంగళ, బుధవారాలు నేనెలా గడిపానో చెప్పనవసరం లేదు. మంగళవారం మధ్యాహ్నం వారిలో ఒక అధికారి నుంచి ఫోన్ వచ్చింది. పాటల సమయంలో కిటికీలు మూసి ఉంచుతారా, స్పీకర్లు ఏ వైపు తిరిగి ఉంటాయి, జనం బయటికి వెళ్ళేటప్పుడు కార్ల దగ్గర ఎవరైనా నిలబడతారా అని ఆ అధికారి అడిగిన మూడు ప్రశ్నలూ చాలా సబబైనవి. ఆమె గొంతులో అనుమానం లేదు, అలవాటు మాత్రమే ఉంది. బుధవారం సాయంత్రం దాకా ఏ అభ్యంతరమూ రాలేదు. ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. టెన్ మీద అభ్యంతరం చెప్పే హక్కు ఆ రెండు సంస్థలకే ఉంది, పొరుగువారికి లేదు. అదీ నేరాల నివారణ, ప్రజల భద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకపోవడం, పిల్లల రక్షణ అనే నాలుగు లక్ష్యాలకు సంబంధించినదై ఉండాలి. ఎవరికో తెలుగు పాటలు నచ్చలేదన్నది కారణం కాదు.

హద్దుల సంగతి చాలామంది చూసీచూడనట్టు వదిలేస్తారు, కానీ పేచీలన్నీ వాటి దగ్గరే. ఒకేసారి ఆవరణలో ఉండేవారు 499 మందికి మించకూడదు. ఈ లెక్కలో టికెట్టు కొన్నవారే కాదు, వంటవాళ్ళు, వాద్యబృందం, తలుపు దగ్గరి కార్యకర్తలు, బార్ వెనుక నిలబడినవారు అందరూ వస్తారు. కనుక 480 టికెట్లు అమ్మి నిశ్చింతగా ఉండడం తెలివైన పని కాదు. ఒక నోటీసు 168 గంటలకు, అంటే ఏడు రోజులకు మించి చెల్లదు. అదే వ్యక్తి గానీ అతని దగ్గరి బంధువు గానీ అదే చోట మరొకటి జరపాలంటే మధ్యలో కనీసం 24 గంటల ఎడం ఉండాలి. అబ్బాయి పేర శుక్రవారం, నాన్న పేర శనివారం అనే ఉపాయం ఇక్కడ చెల్లదన్నమాట. మద్యం అమ్మకానికి వ్యక్తికి ఇచ్చే పర్సనల్ లైసెన్సు లేని మనిషి ఏడాదికి ఐదు నోటీసులు ఇవ్వవచ్చు, వాటిలో ఆలస్యపువి రెండుకు మించకూడదు. ఆ లైసెన్సు ఉన్నవారికి యాభై వరకు వెసులుబాటు ఉంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది హాలుకున్న పరిమితి. ఒక ఆవరణలో క్యాలెండరు సంవత్సరానికి పదిహేను నోటీసులు, మొత్తం 21 రోజులు మాత్రమే. కోవిడ్ తరువాత 2022, 2023 సంవత్సరాలకు దీన్ని ఇరవై నోటీసులకూ 26 రోజులకూ పెంచారు గానీ, అది ఆ రెండేళ్ళకే. ఈ పదిహేనూ ఆ హాల్లో పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు చేసుకునే ఊరివారందరికీ ఉమ్మడివి. డిసెంబరులో విందు పెట్టుకునే సంఘాలు అడ్వాన్సు కట్టకముందే హాలు నిర్వాహకుణ్ణి "ఈ ఏడు ఎన్ని టెన్‌లు అయ్యాయండీ" అని అడగడం ఎంతో అవసరం, ఎందుకంటే ఆ లెక్క మనం ఇచ్చే ఫారంలో కనిపించదు.

విందు నాటి రాత్రి చేయవలసింది తక్కువే. నోటీసు ప్రతిని అందరికీ కనబడేలా అతికించాలి, లేదా ఒక బాధ్యుడి దగ్గర ఉంచి, అది ఎవరి దగ్గర ఉందో రాసి పెట్టాలి. మేము అత్యవసర ద్వారం పక్కన సెలోటేపుతో అంటించాం. పదింటికల్లా గదిలో వేడికి ఒక మూల ఊడి వేలాడుతుంటే మా బావగారు వెళ్ళి మళ్ళీ అదిమి వచ్చారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి అమ్మకూడదన్నది అందరికీ తెలిసిందే గానీ, ఆ వయసు లోపువారు బార్‌లో ఉండి అమ్మాలన్నా ప్రతి అమ్మకాన్నీ పెద్దవాళ్ళు ఒప్పుకోవాలని చాలామందికి తెలియదు. సాయం చేస్తామని ఉత్సాహంగా వచ్చిన ఇద్దరు పదహారేళ్ళ పిల్లలను బార్ నుంచి తప్పించి మజ్జిగ బల్ల దగ్గరకు పంపాం. వారు కాస్త చిన్నబుచ్చుకున్నారు, బార్ కంటే మజ్జిగకే వరస పెద్దదయ్యాక సర్దుకున్నారు.

ధర విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. హాలు లాంటి చోటికే శాశ్వతంగా తీసుకునే ఆవరణ లైసెన్సుకు దరఖాస్తు రుసుమే 100 పౌండ్ల నుంచి మొదలై భవనం విలువను బట్టి పెరుగుతుంది, ఏటా కట్టేది వేరే. పర్సనల్ లైసెన్సు రుసుము 37 పౌండ్లే అయినా దానికి ముందు ఒక కోర్సు పూర్తిచేసి, నేరచరిత్ర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఏడాదికి ఒకటి రెండు విందులు చేసే సంఘానికి టెన్‌ను మించినది లేదు. స్కాట్లాండ్‌లోని మిత్రసంఘాలకు ఇది వర్తించదు, అక్కడ 2005 నాటి వేరే చట్టం కింద అకేషనల్ లైసెన్సు అనే మరో పద్ధతి నడుస్తోంది.

నా ఫిర్యాదు ఒక్కటే. ఫలానా తేదీన కార్యక్రమం అని రాయగానే, ఏ రోజులోగా పంపాలో ఫారమే లెక్కకట్టి చూపించవచ్చు. నేను వాడిన ఫారం ఆ పని చేయలేదు. "పది పనిదినాలు" అన్న రెండు మాటలు చెప్పి ఊరుకుంది. సంఘాలను నడిపేవారు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక ఈ పనులు ముందేసుకునేవారు. రోజులు లెక్కపెట్టడంలోనే వారు తప్పుతారు, నిజాయితీలో కాదు. ఈ లోపానికి ఒక మార్కు తగ్గించి, ఐదుకు నాలుగు ఇస్తున్నాను. వచ్చే విందు తేదీ నిన్ననే ఖాయమైంది, ఇంకా పదకొండు వారాలుంది. నోటీసు నిన్న రాత్రే పంపాను, రసీదు కోసం చూస్తున్నాను.