కాంటా లెక్కలకు ఏది మేలు: క్రానా, కార్టేనా, ఎయిర్‌ఫ్లోనా?

యాసంగి ధాన్యం దిగే రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల దగ్గర లారీల వరుస ఏ వేళకు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకరోజు సాయంత్రం ఆరింటికే కాంటా ఖాళీ అవుతుంది. మరునాడు రాత్రి ఒంటిగంట దాటినా తూకాలు నడుస్తూనే ఉంటాయి. ఆ తూకాలను హైదరాబాద్‌లోని సర్వర్‌కు చేర్చి, కొనుగోలు లెక్కలతో కలిపే పైప్‌లైన్, అంటే ఒకదాని తర్వాత ఒకటి నడిచే ప్రోగ్రాంల వరుస, నేను నడుపుతున్నాను. ఒక్కో తూకం వెనుక ఒక రైతుకు రావలసిన డబ్బు ఉంది కాబట్టి, దాన్ని ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టాలన్నది నాకు చిన్న విషయం కాదు.

మొదట క్రాన్‌నే నమ్ముకున్నాను. చెప్పిన వేళకు పనిని దానంతట అదే మొదలుపెట్టే ప్రోగ్రాం అది. రాత్రి పన్నెండింటికి అని ఒక్క వరుస రాస్తే చాలు. బయటి నుంచి తలుపు తట్టేవారు ఉండరు, పాస్‌వర్డ్ గొడవ ఉండదు. కానీ క్రాన్‌కు గడియారం తెలుసు, లారీ తెలియదు. పన్నెండు దాటాక తూగిన లారీలు ఆ షిఫ్టు లెక్కలో పడలేదు. తెల్లవారి గుమాస్తా రసీదులు పట్టుకుని వచ్చాడు. పనివేళలు మారని ఆఫీసుకు క్రాన్‌ను మించినది లేదు, సీజన్‌లో మిల్లుకు మాత్రం చాలదు.

కార్టే అంటే, డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చి కలిపే పెంటాహో డేటా ఇంటిగ్రేషన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే చిన్న వెబ్ సర్వర్. చివరి తూకం ముగియగానే కాంటా గదిలోని కంప్యూటర్ ఒక యూఆర్‌ఎల్‌ను (వెబ్ చిరునామాను) పిలుస్తుంది. జాబ్ (నడపాల్సిన పని) పేరు, తేదీ, షిఫ్టు నంబరు అందులోనే వెళ్తాయి. కార్టే వెంటనే ‘ఓకే’ అని ఒక ఐడీ ఇస్తుంది. ఆ ఓకేకు అర్థం పని మొదలైందని మాత్రమే. ఐడీతో స్టేటస్‌ను మళ్లీ మళ్లీ అడగాలి. చివరికి ‘ఫినిష్డ్’ అని వచ్చినా, దాని వెనుక ‘విత్ ఎర్రర్స్’ అనే తోక ఉందేమో చూడాలి. దీని యూజర్ పేరు, పాస్‌వర్డ్ మొదట రెండూ ‘క్లస్టర్’ అనే ఉంటాయి. వాటిని మార్చకుండా దయచేసి ఎవరూ ఇంటర్నెట్‌కు తెరవకండి.

ఒక గాలివాన రాత్రి పిలుపు సర్వర్‌కు చేరింది, జవాబు తిరిగి రాలేదు. ఆపరేటర్ మళ్లీ నొక్కాడు. ఒకే లారీ రెండుసార్లు కాంటా ఎక్కినట్టు లెక్క రెట్టింపైంది.

ఈ చోట ఎయిర్‌ఫ్లో గట్టిది. ఏ పని ఎప్పుడు, దేని తర్వాత నడవాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. 2020 డిసెంబరులో వచ్చిన 2.0 నుంచి దానికి స్థిరమైన రెస్ట్ ఏపీఐ, అంటే వేరే ప్రోగ్రాంలు వెబ్ ద్వారా పిలిచే దారి, ఉంది. ప్రతి పరుగుకూ మన ఐడీ మనమే ఇవ్వవచ్చు. షిఫ్టు నంబరునే ఐడీగా పెడితే రెండో పిలుపును, ఆ ఐడీ ఇప్పటికే ఉందని చెప్పే 409 కోడ్‌తో తిప్పి పంపుతుంది. అయితే దాని షెడ్యూలర్, డేటాబేస్, వెబ్ సర్వర్ అన్నింటినీ కనిపెట్టుకుని ఉండాలి. రెండు జాబ్‌ల కోసం అంత సంసారం దండగ. పది మిల్లుల లెక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడిచేటప్పుడు నేనూ దానికే మారతాను.

ప్రస్తుతానికి నా ఓటు కార్టేకే. జాబ్ తొలి మెట్టులోనే షిఫ్టు నంబరును ఒక టేబుల్‌లో ప్రైమరీ కీగా, అంటే రెండోసారి రాయడానికి వీల్లేని విలువగా, రాయిస్తున్నాను. అది అప్పటికే ఉంటే జాబ్ అక్కడే ఆగుతుంది. పని మధ్యలో చెడితే ఆ వరుసను తీసివేస్తుంది. క్రాన్‌ను కూడా వదల్లేదు. తెల్లవారుజామున ఐదింటికి అదే షిఫ్టు నంబరుతో ఒకసారి పిలుస్తుంది. రాత్రి పని సాఫీగా జరిగి ఉంటే తొలి మెట్టు దగ్గరే వెనక్కి వస్తుంది, లేకపోతే గుమాస్తా వచ్చేలోపు లెక్క పూర్తి చేస్తుంది.