గూన పెంకులా? మంగుళూరు పెంకులా?

తాతల నాటి పెంకుటిల్లు బాగు చేయించేవాళ్లకు మొదటి టెన్షన్ కప్పుతోనే.

గూన పెంకు కుమ్మరి చేతి పని. సారె మీద గొట్టంలా తీసి, నిలువునా చీల్చి ఆవంలో కాలుస్తారు. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక వరస వెల్లకిలా, దాని మీద ఇంకో వరస బోర్లా పేరుస్తారు. సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి ఎండాకాలం ఇల్లు చల్లగా ఉంటుంది. చిక్కల్లా కోతులతోనే. అవి ఒక్కసారి గెంతితే పెంకులు జరిగిపోతాయి, వానకు గిన్నెలు పెట్టుకోవాలి. ఏటా తొలకరికి ముందే సర్దించాలి, ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం.

మంగుళూరు పెంకు ఫ్యాక్టరీ సరుకు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో మంగుళూరులో మొదలుపెట్టారు. అడుగున ఉండే ముక్కు రీపరును, అంటే వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న చెక్కను, పట్టుకుంటుంది, అంచులు పక్క పెంకు గాళ్లలో కూర్చుంటాయి. అందుకే అంత తేలిగ్గా జరగదు. ఒకే వరస చాలు గనక వాసాల మీద బరువూ తక్కువే. పాత పెంకు తిరగేస్తే కంపెనీ ముద్ర కనబడుతుంది. అది ఇంటి వయసుకు ఒక ఆధారం, పారేయకండి. మధ్యలో గాజు పెంకు వేస్తే వంటింటికి వెలుతురు.

మండువా లోగిళ్లలో రెండూ కనిపిస్తాయి. నా ఓటు, ఉన్నదాన్నే ఉంచడానికి. కొత్తగా కడితే మాత్రం మంగుళూరు పెంకే. గూన పెంకు కప్పిన ఇంటికి మంగుళూరు పెంకు వేయిస్తే రీపర్ల ఎడం కూడా మార్చాలి, వడ్రంగి ఖర్చు వేరే.