మిరప కల్లం, విండీలోని పోలిక పట్టిక

వారాంతంలో తీరిగ్గా చూడదగ్గ వెబ్‌సైటు చెప్పమని ఎవరడిగినా నా నోట మొదట వచ్చే పేరు విండీ, ప్రపంచమంతటి గాలి, వాన అంచనాలు చూపే సైటు. గాలి గీతలు పాకే ఆ రంగుల పటాన్ని చూడనివాళ్లు ఇప్పుడు తక్కువే కాబట్టి దాని గురించి ఇంకా వివరించను. చాలామంది కాసేపు పటం తిప్పి, ఎక్కడైనా తుపాను ఉందేమో వెతికి, మూసేస్తారు. నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచింది ఆ పటం అడుగున ఉన్న ఒక చిన్న మీట. మన ఊరి మీద వేలు పెడితే కింద అంచనాల పట్టిక వస్తుంది కదా, అక్కడే ‘కంపేర్’ అని ఉంటుంది. అది నొక్కితే ఒకే ఊరికి, ఒకే రోజుకు వేర్వేరు నమూనాలు, అంటే వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతులు, చెబుతున్న వాన ఒకదాని కింద ఒకటిగా వరుసల్లో కనిపిస్తుంది. యూరప్ దేశాల ఉమ్మడి సంస్థ ఈసీఎండబ్ల్యూఎఫ్‌ది ఒక వరుస, అమెరికా వారి జీఎఫ్‌ఎస్‌ది ఒకటి, జర్మనీ వారి ఐకాన్‌ది ఒకటి, స్విట్జర్లాండ్‌కు చెందిన మెటియోబ్లూది ఒకటి.

టీవీ వార్తల్లో వాతావరణం అంటే ఒకే మాట. ‘అక్కడక్కడ ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం.’ ఆ మాట ఎంత గట్టిదో, దాని వెనుక ఎంత సందేహం ఉందో మనకు తెలియదు. ఇక్కడ మాత్రం ఆ సందేహం కళ్లముందే ఉంటుంది. ఒక వరుసలో 12 మిల్లీమీటర్లు, దాని కిందే సున్నా. చూసిన కొత్తలో ‘వీళ్లకే కుదరకపోతే మనకేం చెబుతారు’ అనుకునేవాళ్లుంటారు. నాకు మాత్రం ఆ కుదరకపోవడమే అసలు సమాచారం.

ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. నేను హనుమకొండలో ఉంటాను. అమ్మ, బాపు నర్సంపేట వైపు మా ఊళ్లో వ్యవసాయం చేస్తారు. వేసేది మిరప, అందులో సగం చపాట. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట ఇదే. కాయ పొట్టిగా, లావుగా ఉంటుంది, తోలు మందం, ఎరుపు ఎక్కువ, కారం తక్కువ. ఆ మందం వల్లే తేజ రకం కన్నా ఎండడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. అన్ని రోజులూ పంట కల్లంలో ఆకాశం కిందే ఉండాలి. ఒక్క గట్టి జల్లుకు తడిస్తే చాలు, రంగు దిగిపోతుంది, బూజు పడుతుంది, ఎర్రకాయ కాస్తా తక్కువ ధర పలికే తాలుకాయ లెక్కలోకి పోతుంది. పైగా మేం పంట అమ్మే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం బస్తాలు కదలకపోతే సోమవారం దాకా కాపలా తప్పదు. అందరికీ సరదాగా గడిచే వారాంతం ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాకు మబ్బులు చూసుకుంటూ గడుస్తుంది.

అందుకే శుక్రవారం రాత్రి అన్నం తినగానే నేను కంపేర్ తెరుస్తాను, బాపు ఫోను కోసం చూస్తూ ఉంటాడు. ఆయనకు ఈ నమూనాల పేర్లతో పనిలేదు. ‘నలుగురూ ఏమంటున్నారు బిడ్డా?’ అని అడుగుతాడు. నలుగురూ వాన లేదంటే కాయను పలచగా పరుస్తారు. నలుగురూ ఉందంటే సాయంత్రానికే కుప్ప చేసి పరదాలు కప్పేస్తారు. ఇద్దరు ఉందని, ఇద్దరు లేదని అంటే పరదాలు కల్లం గట్టు మీదే సిద్ధంగా పెట్టుకుని, కూలీలను కాస్త ముందుగా రమ్మంటారు. ఇలా చాలా సీజన్లు గడిచాయి. వాయుగుండమో అల్పపీడనమో బంగాళాఖాతం నుంచి వచ్చి రెండు మూడు రోజులు ముసురు పట్టే సందర్భాల్లో ఈ పట్టిక మమ్మల్ని బాగా ఆదుకుంది. నాలుగు వరుసలూ ఒకే రోజు మీద నీలంగా మారడం మొదలైతే ఇక ఆలోచించే పనిలేదు.

ఇంకో సంగతి వాడగా వాడగా తెలిసింది. ఉదయం ఏడింటికి చూసే అంచనా ఆ ఉదయానిది కాదు. ఈ ప్రపంచ నమూనాల ప్రధాన లెక్కలు మన వేళల్లో ఉదయం 5:30కి, సాయంత్రం 5:30కి ఉన్న పరిస్థితులతో మొదలవుతాయి, ఫలితం చేతికి రావడానికి గంటల సమయం పడుతుంది. యూరప్ నమూనా తాజా లెక్క మధ్యాహ్నం అయితే గానీ రాదు. పొద్దున్నే చూసేది నిన్న సాయంత్రపు లెక్క అన్నమాట. అందుకే మధ్యాహ్నం భోజనం వేళ మరోసారి చూడడం మా ఇంట్లో అలవాటైంది. ఉచితంగా వాడేవాళ్లకు మూడేసి గంటలకు ఒక గడి వస్తుంది, డబ్బు కట్టే ప్రీమియంలో గంట గంటకూ వస్తుంది. మాకు మూడు గంటల గడి సరిపోతోంది.

ఇంత మెచ్చుకున్నాక, ఇది నన్ను నిలువునా ముంచిన రోజు గురించి కూడా చెప్పాలి.

అది మార్చి నెల, శనివారం. నేను ఊళ్లోనే ఉన్నాను. ముందురోజు రాత్రి నాలుగు వరుసల్లోనూ సున్నాలే. శనివారం మధ్యాహ్నం మళ్లీ చూశాను, అప్పుడూ సున్నాలే. ఎండ చిటచిటలాడుతోంది, కల్లం నిండా చపాట పరిచి ఉంది, కాళ్లతో కాయను తిరగేస్తూ అమ్మ ఒక చివర, నేను ఒక చివర. నాలుగు దాటాక పడమటి దిక్కు నల్లబడింది. అంతకుముందు గాలి పూర్తిగా ఆగిపోయింది, ఆ వెంటనే దుమ్ముతో కలిసి ఒక్కసారిగా ఎగబడింది. పరదా ఒక అంచు బాపు పట్టుకుంటే రెండో అంచు గాలికి లేచి తాటిచెట్టు దాకా పోయింది. కుంకుడుకాయంత వడగళ్లు. పావుగంట కూడా పడలేదు. ఆగాక చూస్తే పరదా కింద నీళ్లు నిలిచి కాయ తేలుతోంది, పైన ఉన్నది వడగళ్ల దెబ్బకు చిట్లి పసుపు గింజలు బయటికి వచ్చాయి. అమ్మ మాట్లాడకుండా చేటతో నీళ్లు తోడుతోంది. నేను తడిచేతులతోనే ఫోను తెరిచాను. ఆ గంటకు నాలుగు వరుసల్లోనూ ఇంకా సున్నాలే ఉన్నాయి. పక్క ఊళ్లో నేల కూడా తడవలేదని తర్వాత తెలిసింది.

ఆ కోపం చాలా రోజులు పోలేదు. తాలుగా పోయిన కాయను విడిగా ఏరి అమ్మినప్పుడు వచ్చిన ధర చూసి ఇంకా పెరిగింది. కానీ కారణం వెతికితే అది పట్టికలో పొరపాటు కాదు, ఆ నమూనాల పరిమితి. యూరప్ నమూనా భూమిని సుమారు 9 కిలోమీటర్ల గడులుగా చూస్తుంది, ఐకాన్ 13, విండీలో అమెరికాది దాదాపు 22. వడగళ్లు కురిపించే క్యుములోనింబస్ మేఘం అడుగు కొన్ని కిలోమీటర్లే ఉంటుంది, గంటలో పుట్టి గంటలో కరిగిపోతుంది. అంత పెద్ద గడిలో అంత చిన్న మేఘం చిక్కదు. మన దేశం 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం గడి 6 కిలోమీటర్లు. దాన్ని కూడా ఈ పోలిక పట్టికలో పక్కన పెట్టి చూడాలని నాకు గట్టి కోరిక, ఇప్పటిదాకా అయితే నాకు అందులో కనిపించలేదు.

అందుకే నలుగురూ ఒకే మాట అంటే ఇక నిశ్చింత అనే నా పాత అభిప్రాయాన్ని సవరించుకుంటున్నాను. ముసురు విషయంలో అది నిజం. వేసవి సాయంత్రాల్లో పిడుగులతో వచ్చే వానకు ఆ మాట వర్తించదు. ఇప్పుడు మార్చి నుంచి మే దాకా నేను విండీ పటం మీదే రెండు అదనపు పొరలు చూస్తాను. ఒకటి కేప్. గాలి పైకి ఎగసి ఉరుముల మేఘంగా మారడానికి ఎంత శక్తి సిద్ధంగా ఉందో అది చూపిస్తుంది. మధ్యాహ్నానికి మా వైపు బాగా రంగు తేలితే బాపుకు చెబుతాను. అలాగని రంగు తేలిన ప్రతిరోజూ వాన పడదు, ఊరికే పరదాలు మోసిన సాయంత్రాలు బోలెడు. రెండోది ఉపగ్రహ చిత్రం. జనగామ వైపు తెల్లటి మొగ్గ ఒకటి లేచి తూర్పుకు జరుగుతుంటే మాకు అరగంటో గంటో దొరుకుతుంది. అది అంచనా కాదు, జరుగుతున్నది. ఆ పూట పంటను కాపాడేది అదే.

అంకెలను కూడా పట్టింపుగా తీసుకోను. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అలాంటి కుంభవృష్టి ఎక్కడ, ఏ మండలంలో పడుతుందో గడుల సగటు ముందే చెప్పలేదు. పడిన వాన తెలుసుకోవాలంటే తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ సైటులో మండలాల వారీగా చూడాల్సిందే. ఆదివారం ఉదయం ముందు అది తెరిచి, ముందురోజు నలుగురిలో ఎవరి మాట నిలిచిందో చూడడం నాకిష్టమైన కాలక్షేపం.

పంట లేని నెలల్లో ఇదే సైటు పిల్లలకు ఆట. జూన్‌లో సోమాలియా తీరం వెంట గాలి భూమధ్యరేఖ దాటి, కుడివైపు తిరిగి, అరేబియా సముద్రం మీదుగా కేరళను తాకడం చూపిస్తే మా పిల్లలు నోరు తెరిచారు. పక్కన ఎత్తు మార్చే పట్టీని 13,500 మీటర్లకు జరిపితే గాలి దిశ తిరగబడుతుంది, కింద పడమటి నుంచి, పైన తూర్పు నుంచి. పుస్తకంలో రెండు వాక్యాలుగా ఉన్న పాఠం తెర మీద కదులుతుంటే చూడడం వేరు.

వాడమని చెబుతానా అంటే, అది మీ అవసరాన్ని బట్టి. హనుమకొండలో ఆదివారం లక్నవరం చెరువుకు వెళ్లాలా వద్దా అని చూసుకునేవాళ్లకు ఇంత అక్కర్లేదు, మామూలు వాతావరణ యాప్ చాలు. కల్లంలో సరుకు ఉన్నవాళ్లు, ఇంట్లో రోజూ చూసి చెప్పే మనిషి ఉంటే, కంపేర్ తప్పక అలవాటు చేసుకోవచ్చు. మాకు నేను ఉన్నాను, మా ఊళ్లో సిగ్నల్ ఫరవాలేదు, పరదాలు సొంతవి. అద్దెకు తెచ్చుకునేవాళ్లు మాత్రం మార్చి నుంచి మే దాకా నాలుగు వరుసల్లో సున్నాలున్నా పరదాలను తిరిగి ఇచ్చేయకండి.