తుంటి ఆపరేషన్‌కి బెంగళూరులో 8 రోజులు, మార్కులన్నీ స్టూడెంట్ నర్సులకే

బెంగళూరులో ఒక టీచింగ్ హాస్పిటల్‌లో అమ్మకి తుంటి ఆపరేషన్ చేయించాం, పేరెందుకులెండి. డాక్టర్లు మంచోళ్లే, ఆపరేషన్ బానే జరిగింది, బిల్లింగ్ కౌంటర్ దగ్గర మాత్రం చుక్కలు చూపించారు. నేను చెప్పాలనుకునేది జనరల్ వార్డులో నర్సింగ్ గురించి.

మాది కదిరి వైపు, అమ్మకి తెలుగు తప్ప ఇంకోటి రాదు. మొదటి రెండు రోజులు ఆమెకి పేరే లేదు, "బెడ్ 14", "హిప్ కేసు", అంతే. మూడో రోజు బీఎస్సీ నర్సింగ్ పిల్లలు పోస్టింగ్‌కి వచ్చారు. ఒకమ్మాయిది మదనపల్లి. వచ్చీరాగానే బీపీ మిషన్ పక్కన పెట్టి "అవ్వా, రాత్రి నిద్ర పట్టిందా" అంది, అమ్మ ఒకటే ఏడుపు. అప్పుడు బయటపడింది సంగతి, బెడ్‌పాన్ పెట్టేటప్పుడు కర్టెన్ సరిగ్గా వేయట్లేదంట, ఆ సిగ్గుకి నీళ్లు తాగడమే మానేసింది. కొడుక్కి ఎట్ల చెప్తుంది పాపం, మేమేమో తాగవేందమ్మా అని అరుస్తున్నాం. ఆ రోజు నుంచి ఆ పిల్ల కర్టెన్ పూర్తిగా లాగి, సందు కనిపిస్తే క్లిప్పు పెట్టి, దుప్పటి కప్పాకే పాన్ పెట్టేది. ఇంకో కొట్టాయం అబ్బాయికి "నొప్పి ఉందా", "మెల్లిగా" తప్ప తెలుగు రాదు, ఆ రెండు మాటలతోనే వాకర్ పట్టించి నడిపించాడు.

ఇదంతా సిలబస్సేనా అని టీ తాగుతూ అడిగా. పర్సన్ సెంటర్డ్ కేర్ అంటారంట, రోగాన్ని కాదు మనిషిని చూడాలని, టామ్ కిట్‌వుడ్ అనే ఇంగ్లండ్ సైకాలజిస్ట్ డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వాళ్ల గురించి 1997లో పుస్తకమే రాశాడంట. "పరీక్షలో రాస్తే మార్కులొస్తాయన్నా, వార్డులో చేస్తే ఎందుకు లేటైందని తిట్లొస్తాయి" అంది ఆ అమ్మాయి. టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క, మా వార్డులో రాత్రి 22 బెడ్లకి ఇద్దరు! సిస్టర్లని ఏమంటాం, ఇంజెక్షన్లు వేసి ఛార్టులు నింపేసరికే తెల్లారిపోతుంది. జీతం లేని ఈ పిల్లలతో మేనేజ్‌మెంట్ నెట్టుకొస్తోందనే నాకనిపించింది.

డిశ్చార్జ్ రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు, క్యాంటీన్‌కీ పార్కింగ్‌కీ కాలమ్ ఉంది, స్టూడెంట్స్‌కి లేదు, పక్కన ఖాళీలో ఇరికించి రాశా. హాస్పిటల్‌కి 3 స్టార్లు, అందులో రెండు ఆ పిల్లలవే. అప్పటికే వాళ్ల పోస్టింగ్ పిల్లల వార్డుకి మారిపోయింది, అమ్మేమో కారెక్కేదాకా "ఆ పాప రాలేదా" అంటానే ఉంది.