పెస్ట్ కంట్రోల్ షెడ్యూల్: డైరీయా, షీటా, సాఫ్ట్‌వేరా – ఏది మేలు?

నల్లులకు మందు కొట్టిన ఇంటికి రెండోసారి ఎప్పుడు వెళ్ళాలి? మామూలుగా వాడే మందులు తిరిగే నల్లుల్ని చంపుతాయి, గుడ్ల మీద పెద్దగా పనిచేయవు. ఆ గుడ్లు ఇంట్లో ఉండే వేడికి 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. వారంలోపే వెళ్తే పొదగని గుడ్లు మిగిలిపోతాయి. నెల దాటాక వెళ్తే పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు మొదలుపెడతాయి. 12 నుంచి 15 రోజుల మధ్య వెళ్తేనే పని పూర్తయినట్టు. ఈ వ్యాపారంలో ఒక పని అంటే ఒక తేదీ కాదు, తేదీల వరస. గీజర్ బాగుచేసే వాళ్ళకు ఈ బాధ లేదు.

అందుకే షెడ్యూల్‌కు డైరీ చాలా, గూగుల్ షీట్ పెట్టుకోవాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా అన్న ప్రశ్నకు జవాబు ‘ఈ రోజు పనులు ఏది బాగా చూపిస్తుంది’ అన్న దగ్గర దొరకదు. ఈ రోజు పనుల్ని మూడూ చూపిస్తాయి. రెండో విజిట్‌ను ఏది మరిచిపోదు, ఒక తేదీ వాయిదా పడితే ఏది గజిబిజి కాదు అన్నదే చూడాలి.

ముందు విజిట్లు లెక్కపెట్టండి

‘టెక్నీషియన్లు ఎంతమంది’ అన్నదాన్ని బట్టి చాలామంది నిర్ణయిస్తారు. అది తప్పు లెక్క. ఏడాదికి 3 సర్వీసుల ఏఎంసీలు (ఏడాది ఒప్పందాలు) ఇళ్ళవి 120 ఉన్నాయనుకోండి, 360 విజిట్లు. నెలకు రెండుసార్లు వెళ్ళే హోటళ్ళు 10 ఉంటే 240. మొత్తం 600. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే రోజుకు 2. బైకు మీద తిరిగే టెక్నీషియన్ 2 బీహెచ్‌కే ఇంట్లో జెల్ (బొద్దింకలు తినే ఎర మందు), స్ప్రే ముప్పావుగంటలో ముగిస్తాడు. దారి, గేటు దగ్గర ఎంట్రీ, పార్కింగ్ కలుపుకుంటే రోజుకు 4, మహా అయితే 5 ఇళ్ళు. ఇద్దరుంటే 8 నుంచి 10. అందులో ముందే ఖాయమైనవి రెండే. ఇంతమాత్రానికి కాగితం చాలు. అదే ఏఎంసీలు 400, హోటళ్ళు 40 అయితే విజిట్లు 2,160, అంటే రోజుకు 7 ఖాయం. పైన కొత్త కాల్స్, ‘మళ్ళీ కనిపించాయండీ’ అనే ఉచిత కాల్స్. అక్కడ కాగితం చేతులెత్తేస్తుంది.

డైరీ, వైట్‌బోర్డు

డైరీని తీసిపారేయక్కర్లేదు. ఛార్జింగ్ అక్కర్లేదు, పొద్దున 8 గంటలకు అందరూ బోర్డు ముందు నిలబడి చూసుకుంటారు, ఎవరికీ నేర్పాల్సిన పని లేదు. పని అయినట్టు టిక్ పెట్టిన నిమిషంలోనే తర్వాతి తేదీ పేజీ తిప్పి రాసేయాలి, అదొక్కటే నియమం. సాయంత్రం రాద్దాం అనుకున్నది రాయరు.

డైరీకి చిల్లు పడేది కొత్త సంవత్సరం దగ్గర. అక్టోబరులో తీసుకున్న ఏఎంసీకి రెండో సర్వీసు ఫిబ్రవరిలో. ఆ డైరీ ఇంకా కొననే లేదు. పాత డైరీ చివరి పేజీలో ‘ఫిబ్రవరి’ అని గీసిన గీత, డైరీతో పాటే అటక ఎక్కుతుంది. రెండో చిల్లు వాయిదాలు. 12న కొట్టేసి 19న, 19న కొట్టేసి ‘ఊరి నుంచి వచ్చాక’ అని రాస్తే ఆ పేరు ఇక ఏ పేజీలోనూ ఉండదు.

దీనికి డైరీకన్నా మంచి కాగితం పద్ధతి ఉంది: కస్టమర్‌కు ఒక అట్ట కార్డు, నెలకో కవరు, మొత్తం 12 కవర్లు. ఏప్రిల్ సర్వీసు కాగానే కార్డు వెనకాల తేదీ, మందు రాసి ఆగస్టు కవర్లో వేస్తారు. కార్డు ఒకటే కాబట్టి ఎప్పుడూ ఏదో ఒక కవర్లో ఉండి తీరుతుంది. నెలాఖరున కవర్లో మిగిలిన కార్డులే పెండింగ్. రోజుకు మూడు ఖాయమైన విజిట్ల దాకా దీన్ని మించింది లేదని మా అభిప్రాయం. ఒక్కటే షరతు, ఫోనెత్తే మనిషి, కవర్లు ఉన్న బల్ల ఒకే చోట ఉండాలి. ఓనరు సైటు మీద ఉండి ఫోనులో తేదీ ఇచ్చేస్తే ఈ పద్ధతి ఆ రోజే కూలుతుంది.

షీటు, దానికి తోడు వాట్సాప్

ఇద్దరు కాల్స్ తీసుకుంటున్నారంటే షీటుకు మారే సమయం వచ్చినట్టే. ఖర్చు లేదు, ఫోనులోనూ తెరుచుకుంటుంది. ఒక వరస దాదాపు ఇలా ఉండాలి: మియాపూర్ / 2 బీహెచ్‌కే, 4వ అంతస్తు / బొద్దింకలు, జెల్ మాత్రమే, స్ప్రే వద్దు / ఒప్పందం 10-04 నుంచి / డ్యూ (వెళ్ళాల్సిన తేదీ) 10-08 / చేసినది 28-09 / తర్వాతి డ్యూ / ఇంట్లో చంటిబిడ్డ, శుక్రవారం వద్దు.

‘స్ప్రే వద్దు’ అన్న మాట అక్కడ ఎందుకంటే, జెల్ పెట్టిన చోట మందు స్ప్రే చేస్తే బొద్దింకలు ఆ జెల్ దగ్గరికి రావు. సోమవారం ఒకరు జెల్ పెట్టి, గురువారం చీమల కాల్‌కు వెళ్ళిన ఇంకొకరు అదే వంటగట్టు కింద స్ప్రే కొడితే మొదటి పని వృథా. తర్వాత కస్టమర్ ‘మీ జెల్ పనిచేయలేదు’ అంటారు. చివరిసారి ఏం పెట్టారో వెళ్ళే మనిషికి తెలియకపోతే అది షెడ్యూల్ లోపమే, మందు లోపం కాదు.

తర్వాతి డ్యూ గడిలో ‘ఈడేట్’ ఫార్ములా వేస్తే 4 నెలల తర్వాతి తేదీ అదే వస్తుంది. కానీ దేనికి 4 నెలలు కలపాలి? ఒప్పందం తేదీకా, చేసిన తేదీకా? గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. పైన ఇల్లు చూడండి. ఆగస్టు 10 సర్వీసు సెప్టెంబరు 28న జరిగింది. ఒప్పందం ప్రకారం మూడోది డిసెంబరు 10న, రెండున్నర నెలలకే. ‘అప్పుడే ఎందుకొచ్చారు, ఇంకా ఏం కనిపించట్లేదు కదా’ అని గేటు దగ్గరే తిప్పి పంపుతారు. చేసిన తేదీ ప్రకారం జనవరి 28. అది బాగానే ఉంది, కానీ అది కూడా రెండున్నర నెలలు వాయిదా పడితే ఏప్రిల్ 9తో ఒప్పందం ముగిసిపోతుంది. అప్పుడు ‘మూడు సర్వీసులన్నారు, రెండే చేశారు’ అన్న మాట పడాలి.

నల్లుల రెండో విజిట్ ఎప్పుడూ చేసిన తేదీ నుంచే లెక్కించాలి, పురుగు మన ఒప్పందం చదవదు. హోటళ్ళకు ఎప్పుడూ ఒప్పందం తేదీయే, ఎందుకంటే ఫుడ్ సేఫ్టీ లైసెన్సు 2011 నిబంధనల షెడ్యూల్ 4 కింద వాళ్ళు పెస్ట్ కంట్రోల్ రికార్డు చూపించాల్సి ఉంటుంది, సర్వీస్ స్లిప్పుల మధ్య ఖాళీ ఉంటే తనిఖీలో వాళ్ళకు ఇబ్బంది. ఇళ్ళ ఏఎంసీకి చేసిన తేదీ నుంచి లెక్కిస్తూనే, పక్కన ‘ఒప్పందం ముగింపు’ గడి పెట్టుకుని, 45 రోజులు మిగిలితే ఎర్రరంగు వచ్చేలా చేసుకోవాలి.

షీటులో రెండు ఉచ్చులున్నాయి. లొకేల్ (షీటు సెట్టింగ్స్‌లోని దేశం) ఇండియాకు మార్చకపోతే ఆగస్టు 4 అనుకుని కొట్టిన 04/08 ఏప్రిల్ 8 అయిపోవచ్చు. ఎవరైనా చుక్కలు పెట్టి ‘10.08’ అని కొడితే షీటు దాన్ని తేదీగా తీసుకోకపోవచ్చు, ఆ కస్టమర్ డ్యూ జాబితాలోకి ఎప్పటికీ రారు. ఆ గడికి డేటా వ్యాలిడేషన్ పెట్టి, తేదీ తప్ప ఇంకేదీ తీసుకోకుండా చేయాలి. షీటు బదులు గూగుల్ క్యాలెండర్‌లో రిపీట్ పెట్టుకునే వాళ్ళున్నారు. అక్కడ ఒక్క సర్వీసును జరిపితే మిగతావి పాత తేదీల్లోనే కూర్చుంటాయి. మేమైతే క్యాలెండర్‌ను చూడ్డానికే వాడమంటాం, దాచుకోవడానికి కాదు.

వాట్సాప్ పని కబురు వరకే. గ్రూపులో పెట్టిన అడ్రసు గుడ్‌మార్నింగ్‌ల కింద మునిగిపోతుంది. ముందు రోజు సాయంత్రం 7కి ఎవరి జాబితా వాళ్ళకు విడిగా పంపాలి. కస్టమర్లకు బ్రాడ్‌కాస్ట్ పెడితే మన నంబరు సేవ్ చేసుకున్న వాళ్ళకే చేరుతుందని గుర్తుంచుకోండి. నల్లుల ఇంటికి రెండు రోజుల ముందే చెప్పాలి: దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకండి, మంచం పెట్టె ఖాళీ చేయండి అని. వెళ్ళాక సామాను తీస్తూ కూర్చుంటే ఆ రోజు మిగతా ఇళ్ళన్నీ వెనక్కి జరుగుతాయి.

సాఫ్ట్‌వేర్

జోహో ఎఫ్‌ఎస్‌ఎం, జాబర్ లాంటివి ఏ సర్వీసు వ్యాపారానికైనా కట్టినవి, ఫీల్డ్‌రూట్స్ పెస్ట్ కంట్రోల్ కోసమే అమెరికాలో వచ్చింది. వీటి అసలు బలం టెంప్లేటు. ‘నల్లులు’ అని ఎంచుకోగానే రెండో విజిట్ 14 రోజులకు అదే పడుతుంది. ఫోటో, సంతకం, వాడిన మందు ఒకే చోట ఉంటాయి. ఆహార గోడౌన్‌లో నంబర్లు వేసిన ఎలుకల బెయిట్ స్టేషన్లు (ఎర పెట్టెలు) 60 ఉన్నాయంటే, ఏ స్టేషన్‌లో ఏ నెల ఎంత కొరికాయో చూపించడానికి ఇది కావాల్సిందే. ఇళ్ళ పనులే ఉన్న వాళ్ళకు మాత్రం ఇది సోకు. మనిషికింత చొప్పున నెలనెలా కట్టాలి, సెల్లార్‌లో సిగ్నల్ లేకపోతే కొన్ని తెరుచుకోవు.

కొనేముందు ఉచిత ట్రయల్‌లో మూడు పనులు ఎక్కించి చూడండి. ఒకటి, నల్లుల రెండు విజిట్లు, మొదటిది మూడు రోజులు జరిపితే రెండోది జరుగుతోందా? రెండు, రాత్రి 11.30కి మొదలై 1 గంటకు ముగిసే హోటల్ పని. అది ఏ తేదీలో పడుతోంది, అదే మనిషికి పొద్దున 9కి ఇంకో పని చూపిస్తోందా? మూడు, ఇద్దరు మనుషులు రోజంతా చేసే చెదల డ్రిల్లింగ్.

ఆ డ్రిల్లింగ్‌కు స్లాటు ఎంతో లెక్కేస్తే తెలుస్తుంది. చెదల నివారణకు భారత ప్రమాణమైన ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం గోడ, నేల కలిసే చోట 12 మి.మీ. రంధ్రాలు, 300 మి.మీ.కి ఒకటి, ఒక్కోదానికి గరిష్ఠంగా లీటరు. 1,000 చదరపుటడుగుల ఫ్లాటులో గోడల అంచు 250 అడుగులుంటే 250 రంధ్రాలు, 250 లీటర్ల ద్రావణం. ఇమిడాక్లోప్రిడ్ (చెదల మందు) 30.5% ఎస్‌సీ లీటరుకు 2.1 మి.లీ. చొప్పున 525 మి.లీ. ఇద్దరికి 5, 6 గంటలు, పైన తెల్ల సిమెంటుతో పూడ్చడం. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా డ్రిల్లు మోగకూడదనే అపార్ట్‌మెంట్లుంటే అది రెండు రోజుల పని. ‘టెర్మైట్, 1 విజిట్’ అని మాత్రమే చూపించే పద్ధతి ఏదైనా మోసపోయేలా చేస్తుంది.

ఏరియా రోజులా, అడిగిన రోజా?

హైదరాబాద్‌లో ఈ ఎంపిక సాధనం కన్నా ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు మెట్రో లైనే 29 కిలోమీటర్లు. ఉదయం అక్కడ ఒకటి, మధ్యాహ్నం ఇక్కడ ఒకటి పెడితే ఆ రోజు మూడిళ్ళతో సరి. ఏఎంసీలకు ఏరియా రోజు (ఒక్కో ప్రాంతానికి ఒక ఖాయమైన రోజు) పెట్టండి, కొత్త కాల్స్‌కు అడిగిన రోజు ఇవ్వండి, అందుకోసం రోజూ రెండు స్లాట్లు ఖాళీగా ఉంచండి. తెనాలి, ఖమ్మం లాంటి ఊళ్ళలో దీని అవసరమే లేదు.

తొలకరికి ఉసుళ్ళు లేవగానే చెదల కాల్స్ వరస కడతాయి. కానీ తడిసి ముద్దయిన మట్టిలో పునాది ట్రీట్‌మెంట్ చేయకూడదు, మందు ఇంకదు. జూన్ నుంచి ప్రతి పునాది పనికీ వాన పడితే వెళ్ళడానికి ఇంటిలోపలి జెల్ పని ఒకటి జత కట్టి ఉంచాలి. గృహప్రవేశాలు లేని ఆషాఢంలో కొత్త ఫ్లాట్ల చెదల పని ముగించేస్తే శ్రావణం ముందు హడావుడి ఉండదు. జనవరి 10 నుంచి 18 మధ్య పడే డ్యూలను డిసెంబరు చివరికి లాగేయండి: కస్టమర్లూ ఊళ్ళో ఉండరు, టెక్నీషియన్లూ ఉండరు.

ఏ పద్ధతి నుంచి ఏ పద్ధతికి మారినా, పాత కస్టమర్ల జాబితా అంతా ఎక్కించడంతో మొదలుపెట్టకండి. వచ్చే 60 రోజుల్లో డ్యూ ఉన్నవి ముందు ఎక్కించి, పాత డైరీని రెండు నెలలు పక్కనే తెరిచి పెట్టుకుని, రోజూ సాయంత్రం రెండింటిలో రేపటి పేర్లు సరిపోలుతున్నాయో చూసుకోండి.