పాత ఫైబర్ బోటుకు పాలిస్టర్ రెజినా, ఎపాక్సీనా?

కళింగపట్నంలో మా పెరట్లో, కొబ్బరిచెట్ల కింద, కేబిన్ ఉన్న పాత ఫైబర్ బోటు ఒకటి ఉంది. రెండేళ్లుగా సెలవు దొరికితే చాలు, దాని దగ్గరే ఉంటున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగేది ఒక్కటే, ఏ రెజిన్ (గ్లాస్ పోగులను తడిపి గట్టిపడే జిగురు ద్రవం) కొనాలి అని. నా మాట ఇది: కొత్తది పాతదాన్ని పట్టుకుని నిలబడాల్సిన చోట ఎపాక్సీ, మిగతా చోట్ల పాలిస్టర్ చాలు.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఇంజన్ బిగించే వెనక గోడను, అంటే ట్రాన్సమ్‌ను, చిన్న సుత్తితో తట్టి చూశాను. బాగున్న చోట ఠంగుమంది, లోపల ప్లైవుడ్ కుళ్లిన చోట మొద్దుగా పలికింది. కుళ్లిందంతా తీసేసి ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లై పెట్టి, పైన గ్లాస్ పోగుల మ్యాట్ వేసి పాలిస్టర్ పోశాను. ఒక్క వర్షాకాలం గడిచేసరికి అంచు దగ్గర అది అట్టలా లేచి వచ్చేసింది. కొత్త బోటు పోసేటప్పుడు ఒక పొర పూర్తిగా ముదరకముందే ఇంకో పొర పడుతుంది కాబట్టి అన్నీ ఒకటే ముద్ద అయిపోతాయి, ఏళ్ల కిందట గట్టిపడిన ఫైబర్ మీద మాత్రం పాలిస్టర్‌కు దొరికే ఆసరా మనం గ్రైండర్‌తో పెట్టిన గీతలే. ఎపాక్సీ అలా కాదు, అది స్వతహాగా మంచి జిగురు, చెక్కనూ పాత ఫైబర్‌నూ రెండింటినీ పట్టుకుంటుంది, నీళ్లూ తక్కువ పీలుస్తుంది.

మరి మా తీరంలో వేట బోట్లకు అతుకులు వేసే మేస్త్రీలు పాలిస్టరే ఎందుకు వాడతారు? ఒకాయన్ని అడిగితే, "రేపు తెల్లారకముందే ఏటకెల్లాల బాబూ, నీ మందు ఆరేదాకా కూకుంటే మా పొయ్యి ఎలగెలుగుద్ది?" అన్నాడు. ఆయన లెక్క ఆయనకు సరైనదే. పాలిస్టర్ గంటల్లో గట్టిపడుతుంది, ఎపాక్సీ ధరేమో దానికి రెండు మూడు రెట్లు. ఏటా అతుకు వేసుకునేవాళ్లకు అంత ఖర్చెందుకు? మన బోటు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు ఉండాలని కదా ఇంత కష్టం!

కలపడంలోనూ తేడా ఉంది. పాలిస్టర్‌లో దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ ఎండను బట్టి ఒకటి నుంచి రెండు శాతం దాకా అటూ ఇటూ వేసుకోవచ్చు. ఎపాక్సీలో మాత్రం గట్టిపరిచే రెండో భాగాన్ని, అంటే హార్డ్‌నర్‌ను, డబ్బా మీద రాసిన పాళ్లలోనే, తూకం వేసి కలపాలి, త్వరగా ఆరుతుందని ఎక్కువ పోస్తే ఎప్పటికీ గట్టిపడని బంకే మిగులుతుంది. ఇంకో మాట, దీన్ని దయచేసి మరిచిపోవద్దు: పాలిస్టర్‌తో వచ్చే, గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ క్యాటలిస్ట్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకండి, పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది.

ఎపాక్సీకి మామూలు మ్యాట్ పనికిరాదు. ఆ పోగులను పట్టి ఉంచే బైండర్ పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ బిర్రుగా ఉండిపోతుంది. నేసిన గ్లాస్ క్లాత్ కావాలి, నేను విశాఖ నుంచి తెచ్చుకున్నాను. ఏ రెజిన్ అయినా పగులు అంచును మందానికి 12 రెట్లు వాలుగా అరగదీయాలి, 5 మిల్లీమీటర్ల మందానికి 60 మిల్లీమీటర్ల వాలు అన్నమాట. మాస్కు లేకుండా ఆ పని ముట్టుకోవద్దు.

సముద్రపు తేమకు ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది, తరవాతి కోటుకు ముందు మంచినీళ్లతో కడిగి రుద్దాలి. నేను జనవరి, ఫిబ్రవరిలో, మంచు ఆరాక మొదలెట్టి మధ్యాహ్నానికి ఆపేస్తాను. ఏప్రిల్ ఎండలో అయితే కలిపిన ఎపాక్సీ మగ్గులోనే ఉడికిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల టెన్షన్ సరేసరి. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది, పైన పెయింట్ తప్పనిసరి.

కేబిన్ లోపలి అరలు, బల్లలు నేను పాలిస్టర్‌తోనే చేస్తున్నాను, ఇబ్బంది లేదు. చేతిలో డబ్బు తక్కువైతే ఎపాక్సీ చిన్న డబ్బానే కొని ముందు ట్రాన్సమ్‌కు వాడండి, అరలు వచ్చే ఏడాది చేసుకోవచ్చు.